కంప్లైంట్ ఎక్కడ పెట్టాలి: కార్పొరేషన్‌కా, పొల్యూషన్ బోర్డుకా?

బెజవాడలో ఏ కంపు కొట్టినా మనవాళ్లు ముందు కార్పొరేషన్‌కే ఫోన్ కొడతారు. చెత్త బండి రాకపోయినా, సైడు కాలువ పూడిపోయి కొబ్బరి బోండాలూ కవర్లూ తేలుతున్నా అది సరే, వాళ్ల పనే. కానీ ఏ ఫ్యాక్టరీవాడో బందరు కాలువలోకి రంగునీళ్లు వదిలాడనుకోండి, 1974 నీటి చట్టం కింద శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపేదీ, నోటీసిచ్చి అవసరమైతే కరెంటు కూడా పీకించేదీ పొల్యూషన్ బోర్డు. పొగకైతే 1981 గాలి చట్టం. కార్పొరేషన్‌తో పోలిస్తే ఇక్కడ కాస్త ఓపిక కావాలి, రిపోర్టు రానిదే కదలదు. నన్నడిగితే ఫ్యాక్టరీ గొడవకి మాత్రం ఇదే దారి, తేదీ కనిపించేలా ఫొటోలు తీసి మరీ రాయండి. రాత్రి 10 దాటాక మైకు మోగుతుంటే మాత్రం ఈ రెండూ వద్దు, నేరుగా పోలీసులకి, 112కి కొట్టండి.