టవర్ మాట తీగలో, ట్యాబ్లెట్ మాట గాలిలో: ఆరేళ్లు వాడిన బ్లూటూత్ హెడ్‌సెట్

విమానం ఇంజిన్ స్టార్ట్ అయింది. ఆయిల్ ప్రెషర్ ముల్లు పచ్చగీతలోకి వచ్చాక, రేడియోల్లాంటి పరికరాలకి కరెంటు ఇచ్చే ఏవియానిక్స్ మాస్టర్ స్విచ్ వేశాను. విమానాశ్రయ కంట్రోల్ టవర్‌ని పిలుద్దామని నోరు తెరిచేలోగా చెవిలో ఎవరో, "హలో... వినిపిస్తోందా? హాల్‌కి లేత పసుపు వేయమంటారా, తెలుపా?" అని అడిగారు. నేను పక్క సీట్లోని మిత్రుడి వంక చూశాను. అతనికీ వినిపిస్తోంది, అతనూ నన్నే చూస్తున్నాడు. వెనక సీట్లు ఖాళీ.

కిటికీలోంచి చూస్తే విషయం తెలిసింది. ఈ విమానాన్ని మేం కొందరం పంచుకుంటాం. అందులో ఒకాయన హ్యాంగర్ పక్కన నిలబడి, ఫోన్‌ని చెవికి అదుముకుని "హలో, హలో" అని అరుస్తున్నాడు. ఆయన ఫోన్ ఎప్పుడో మా ఆడియో ప్యానెల్‌తో జత అయి ఉంది. రేడియో మాటల్ని, సీట్లలోని వాళ్లు ఇంటర్‌కామ్‌లో మాట్లాడుకునే మాటల్ని హెడ్‌సెట్లకు పంపే పెట్టె అది. ప్యానెల్‌కి కరెంటు అందగానే పాత చుట్టరికం గుర్తొచ్చి వెళ్లి అతుక్కుంది. అవతలి మాట ఆయన చెవికి చేరకుండా తిన్నగా మా కాక్‌పిట్‌లోకి వచ్చేసింది.

నా హెడ్‌సెట్ గురించి రాయడానికి కూర్చుంటే మొదట గుర్తొచ్చేది ఇదే. హెడ్‌సెట్ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. కానీ ఆ వారం అంతా నేను తిట్టుకున్నది దాన్నే.

కొని ఆరేళ్లు దాటింది. నాలుగు సీట్ల ఒంటి ఇంజిన్ విమానంలో సుమారు 700 గంటలు నా తల మీద ఉంది. చప్పుడు తగ్గించే ఎలక్ట్రానిక్స్ ఉన్న రకం. తీగ మధ్యలో చిన్న కంట్రోల్ డబ్బా, అందులో రెండు ఏఏ బ్యాటరీలు, బ్లూటూత్ కూడా ఆ డబ్బాలోనే. పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే గొడవలు ఈ తరహా హెడ్‌సెట్ ఏది కొన్నా ఎదురయ్యేవే.

కొత్తవాళ్లు తరచూ పొరబడే సంగతి ముందు చెప్పేస్తాను. బ్లూటూత్ హెడ్‌సెట్ అంటే టవర్ మాట గాలిలో వస్తుందని అనుకుంటారు. రాదు. రేడియో, ఇంటర్‌కామ్, మైకు అన్నీ పాత పద్ధతిలో రెండు ప్లగ్గుల మీదే నడుస్తాయి: చెవులకు 6.3 మిల్లీమీటర్ల లావుది, మైకుకి 5.2 మిల్లీమీటర్ల సన్నది. బ్లూటూత్ మీద వచ్చేవి ఫోన్ కాల్, పాట, ట్యాబ్లెట్‌లోని మ్యాప్ యాప్ చెప్పే హెచ్చరికలు. అలా ఉండటమే మంచిది. మామూలు బ్లూటూత్‌లో సంగీతం పంపే దారిలో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యంగా చేరుతుంది. పాటకి అది లెక్కలోకి రాదు. "గో అరౌండ్" (దిగకుండా మళ్లీ పైకి లేవమని) అనే మాట అలా నిదానంగా రావడం, లేదా బ్యాటరీ చచ్చి అసలు రాకపోవడం ఎవరికీ అక్కర్లేదు. నాకు గాలిలో ఉండగా నాలుగైదుసార్లు బ్యాటరీలు అయిపోయాయి. ఒక్కసారిగా ఇంజిన్ రొద మీద పడింది, పాట ఆగింది, టవర్ మాత్రం మామూలుగానే వినిపించింది. ఈ వస్తువులో నేను మెచ్చుకునే గుణాల్లో మొదటిది అదే.

ఇక గొడవల్లోకి వస్తే, అన్నిటికీ పెద్దది ఒక కాక్‌పిట్‌లో రెండు బ్లూటూత్‌లు ఉండటం. ఈ మధ్య వచ్చే ఆడియో ప్యానెల్స్‌లో కూడా బ్లూటూత్ ఉంటోంది. ఫోన్‌ని ప్యానెల్‌తో జత చేస్తే ఆ శబ్దం ఇంటర్‌కామ్ గుండా అందరి చెవులకీ వెళుతుంది. హెడ్‌సెట్‌తో జత చేస్తే మీ ఒక్కరికే. రెండిటితోనూ చేశారో, ఏది ముందు నిద్ర లేస్తే ఫోన్ దాని వెంట పడుతుంది. నేను మొదటి ఏడాదంతా రెండు పడవల మీద కాళ్లు పెట్టి, ఒకరోజు పనిచేసి మర్నాడు పనిచేయకపోతే హెడ్‌సెట్ పాడైందనుకున్నాను. అసలు సంగతి స్విచ్‌ల వరసలో ఉంది. హెడ్‌సెట్ ముందు వేసిన రోజు ఫోన్ నాది, ప్యానెల్ ముందు లేచిన రోజు ఫోన్ దానిది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఫోన్ ప్యానెల్‌కి, ట్యాబ్లెట్ నా హెడ్‌సెట్‌కి. ఫోన్‌లో హెడ్‌సెట్ పేరే ఉండదు, ట్యాబ్లెట్‌లో ప్యానెల్ పేరు ఉండదు. చెరిపేటప్పుడు రెండు వైపులా చెరపాలి. ఒక వైపు మాత్రమే చెరిపితే రెండోది పాత తాళంచెవి పట్టుకుని తలుపు దగ్గరే నిలబడుతుంది. కనెక్ట్ అయినట్టు ఒక క్షణం కనిపించి వెంటనే తెగిపోతుంటే నేను మొదట అనుమానించేది దీన్నే. పంచుకునే విమానమైతే ప్యానెల్ జాబితాలో ఎవరెవరి ఫోన్లు ఉన్నాయో నెలకోసారి చూడండి. రంగుల వ్యవహారం జరిగాక మేం మొత్తం తుడిచేశాం.

ఇదే కోవలో ఇంకో తికమక ఉంది. కాక్‌పిట్‌లో శబ్దంతో పనిలేని బ్లూటూత్ కూడా ఉండొచ్చు. గార్మిన్ ఫ్లైట్ స్ట్రీమ్ 210 లాంటివి ట్యాబ్లెట్‌కీ నావిగేషన్ పెట్టెకీ మధ్య ఫ్లైట్ ప్లాన్, జీపీఎస్ స్థానం మోసుకెళతాయి. దానితో ట్యాబ్లెట్ జత చేసి, "కనెక్టెడ్ అని ఉంది, శబ్దం లేదు" అని గంటసేపు తల పట్టుకున్న వాళ్లని నేను చూశాను. అది సమాచారం మోసే దారి. చెవి దారి వేరు.

రెండో పెద్ద గొడవ, పాట తెగి తెగి రావడం. దీని మీద నేను పోగొట్టుకున్న సమయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు సెకన్లు పాట, సగం సెకను మౌనం, మళ్లీ పాట. ఫోన్ దగ్గర పెట్టాను, దూరం పెట్టాను, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. చివరికి తీగ లాగితే డొంక కదిలింది. ఆ డొంక పక్క సీట్లో ఉంది. ఎవరూ లేని ఆ సీటు మీద ఒక పాత హెడ్‌సెట్ ప్లగ్గులు పెట్టి పడేసి ఉంది. దాని మైకు గాలి గొట్టానికి ఎదురుగా వేలాడుతోంది. గాలి తగిలినప్పుడల్లా ఇంటర్‌కామ్ స్క్వెల్చ్, అంటే శబ్దం ఒక స్థాయి దాటితేనే తెరుచుకుని లోపలికి వదిలే తలుపు, తెరుచుకుంటోంది. నా హెడ్‌సెట్‌లో ఒక సదుపాయం ఉంది: తీగ మీద ఏ శబ్దం వచ్చినా బ్లూటూత్ శబ్దాన్ని అణిచేస్తుంది. టవర్ మాట పాటలో కలిసిపోకుండా పెట్టిన ఏర్పాటు. నా హెడ్‌సెట్ తనకు చెప్పిన పని తూచా తప్పకుండా చేస్తోంది, నేను దాన్నే అనుమానిస్తున్నాను. ఆ ప్లగ్గులు పీకాను, పాట సాఫీ అయింది.

కాబట్టి శబ్దం తెగుతుంటే ముందు అణిచే మీటను "కలిపి వినిపించు" వైపు మార్చి చూడండి. అప్పుడూ తెగితే బ్లూటూత్ గొడవ. తెగకపోతే స్క్వెల్చ్ గొడవ. స్క్వెల్చ్ బిగించుకోండి, మైకుని పెదవికి ఆనేంత దగ్గరగా జరుపుకోండి, మైకుకి స్పాంజి తొడుగు ఉందో లేదో చూసుకోండి. ఈ ఒక్క పరీక్ష నాకు ముందే తెలిసి ఉంటే రెండు నెలలు మిగిలేవి.

నిజంగా బ్లూటూత్ తెగే సందర్భాలూ ఉన్నాయి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. ఆ తరంగాలకి నీళ్లంటే పడదు, మన ఒళ్లంతా నీళ్లే. డబ్బా ఎడమ తొడ పక్కన, ఫోన్ కుడి వెనక జేబులో ఉంటే మధ్యలో అడ్డుగోడ మీరే. పది మీటర్లు పనిచేస్తుందని రాసి ఉన్నది ఒక మనిషి అడ్డం కూర్చుంటే ఒక మీటరుకే నీరసపడుతుంది. నేను డబ్బాని సీటు బెల్టుకి ముందువైపు తగిలిస్తాను, ట్యాబ్లెట్ మోకాలి మీద. మధ్యలో ఏమీ ఉండదు.

ఆ తర్వాత వైఫై. చుట్టుపక్కల విమానాలను చూపించే చిన్న ఏడీఎస్-బీ రిసీవర్లు ట్యాబ్లెట్‌కి చాలా వరకు వైఫై ద్వారానే సమాచారం పంపుతాయి, అదీ ఎక్కువగా 2.4 లోనే. బ్లూటూత్ తనకున్న 79 ఛానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ పోతుంది. రద్దీగా ఉన్నవాటిని తప్పించుకునే తెలివి దానికి 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచే ఉంది. ఒక వైఫై ఛానెల్ అందులో దాదాపు 20 ఛానెళ్ల మేర ఆక్రమిస్తుంది. మిగతావి చాలు, మామూలుగా ఇబ్బంది రాదు. కానీ నా రిసీవర్‌ని డాష్ మీద ట్యాబ్లెట్‌కి జానెడు దూరంలో పెట్టినప్పుడు శబ్దం గరగరలాడేది. ఒకే ట్యాబ్లెట్ ఒక పక్క వైఫై వింటూ ఇంకో పక్క బ్లూటూత్ మాట్లాడాలి కదా. రిసీవర్‌ని వెనక కిటికీకి తగిలించాక ఆ బాధ తీరింది, పైగా దానికి ఆకాశం కూడా బాగా కనబడుతోంది.

రేడియోలోనే గరగర వస్తే బ్లూటూత్‌ని తప్పుపట్టకండి. విమాన రేడియో మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి, బ్లూటూత్ ఉండే చోటు అక్కడికి చాలా దూరం. నా విషయంలో అసలు దొంగ ఎవరంటే యూఎస్‌బీ ఛార్జర్. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే నాసిరకం ఛార్జర్లు లోపల చాలా వేగంగా కరెంటుని తెంపి కలుపుతుంటాయి. ఆ రొద రేడియో దాకా పాకుతుంది, ఎవరూ మాట్లాడకపోయినా స్క్వెల్చ్ తెరుచుకుంటుంది. ఛార్జర్ పీకితే నిశ్శబ్దం. "జర్ర్... జర్ర్" అని లయగా వస్తే మాత్రం ఫోన్‌నే అనుమానించాలి: పాత జీఎస్ఎం (2జీ ఫోన్) పద్ధతి సెకనుకు 217 సార్లు సిగ్నల్ వదలడం వల్ల తీగల్లోకి ఎక్కే మోత అది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి బ్లూటూత్ ఒక్కటి మళ్లీ ఆన్ చేసుకుంటే పోతుంది.

బ్లూటూత్ పక్షాన ఒక మాట చెప్పాలి. ఇది రాకముందు ట్యాబ్లెట్‌ని 3.5 మిల్లీమీటర్ల తీగతో ప్యానెల్‌కి కలిపేవాణ్ని. ట్యాబ్లెట్‌కి ఛార్జర్ పెట్టగానే చెవిలో జోరీగ మొదలయ్యేది. థ్రాటిల్‌తో ఇంజిన్ వేగం పెంచితే స్థాయి పెరిగేది, తగ్గిస్తే దిగేది. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కూత అది. ఒకే గ్రౌండ్‌కి, అంటే కరెంటు తిరిగి వెళ్లే చోటికి, రెండు దారులు ఏర్పడితే వచ్చే జబ్బు. గాలిలో వచ్చే శబ్దానికి గ్రౌండ్ తీగే లేదు కాబట్టి ఆ జబ్బు రాదు. ఈ ఒక్క సుఖం కోసమైనా నేను మళ్లీ తీగకి పోను.

పాట ఉన్నట్టుండి పాత టెలిఫోన్‌లోంచి వస్తున్నట్టు బొంగురుపోతే, మీ ఫోనో ట్యాబ్లెట్టో సంగీతం దారి వదిలి కాల్ దారిలోకి మారిందని అర్థం. ఏదో యాప్ మైకు అడిగి ఉంటుంది. పాత పద్ధతి కాల్‌లో సెకనుకు 8000 నమూనాలే పోతాయి, కొత్త దానిలో 16000. పాటకి రెండూ చాలవు. ఆ యాప్‌కి మైకు అనుమతి తీసేయండి, అంతే.

ఒక చెవిలోనే వినిపించడం బ్లూటూత్ సంగతి కాదు. డబ్బా లోపల మోనో, స్టీరియో మీట ఉంటుంది, ఇంటర్‌కామ్‌కి తగ్గట్టు మార్చుకోవాలి. ట్యాబ్లెట్ హెచ్చరికలు అసలు వినబడకపోతే శబ్దం తగ్గించి ఉందేమో, యాప్‌లో హెచ్చరికలు ఆపి ఉన్నాయేమో చూడండి. నేను వాడే మ్యాప్ యాప్ ఫోర్‌ఫ్లైట్ రన్‌వే మీదకి వెళుతుంటే నోటితో చెబుతుంది. ట్యాక్సీ చేస్తుండగా, అంటే విమానాన్ని నేల మీద నడుపుతుండగా, ఆ మాట వినబడితే ఆ రోజుకి శబ్దం దారి సరిగ్గా ఉన్నట్టే లెక్క. నా చెక్‌లిస్ట్‌లో దాన్ని చేత్తో రాసుకున్నాను.

ఇక వస్తువు మీద నా తీర్పు. చెవి మెత్తలు రెండుసార్లు మార్చాను, తల మీది మెత్త ఒకసారి. మూడో ఏడు డబ్బా దగ్గర తీగ వదులైతే బాగుచేసి పంపారు. చప్పుడు తగ్గించడంలో ఆరో ఏడు కూడా మొదటి రోజులాగే ఉంది, కళ్లద్దాల కాడ వల్ల మెత్త కింద సందు ఏర్పడినప్పుడు మాత్రం తగ్గుతుంది. కంట్రోల్ డబ్బా మీద బ్లూటూత్ బటన్, కాల్ బటన్ పక్కపక్కనే, ఒకే సైజులో ఉన్నాయి. చలికి చేతి తొడుగులు వేసుకున్నప్పుడు ఏది నొక్కానో నాకే తెలియదు. ఎగుడుదిగుడు గాలిలో ఒకసారి అలాగే నొక్కి, మా ఇంటికి ఫోన్ చేసేశాను. బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పే దీపం ఎర్రగా మారాక ఒక గంటకి మించి నడవలేదు, అది ఇంకా ముందే చెప్పాల్సింది. బ్లూటూత్ శబ్దానికి విడిగా వాల్యూమ్ లేకపోవడం నాకు నచ్చని ఇంకో విషయం. టవర్‌ని తగ్గించకుండా పాటని తగ్గించాలంటే ట్యాబ్లెట్ మీద చెయ్యి వేయాల్సిందే.

మళ్లీ కొంటానా అంటే కొంటాను. మీరు మాత్రం కొనేముందు మీ విమానంలోనే, ఇంజిన్ నడుస్తుండగా ఒక్క పరీక్ష చేయండి: ట్యాబ్లెట్‌లో పాట పెట్టి, పక్కవాళ్లని ఇంటర్‌కామ్‌లో మాట్లాడమనండి. పాట ఎంత త్వరగా అణిగింది, వాళ్లు ఆపాక ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూడండి. నా దానిలో తిరిగి రావడానికి రెండు సెకన్లు పడుతుంది. కబుర్లు చెప్పే ప్రయాణికుడు పక్కనుంటే పాట పెట్టినా పెట్టనట్టే.