రసీదు మీద "విరాళం" అని ఉంటే డబ్బు కట్టకండి: పెద్దవాళ్ళకు వాలంటీర్ సాయం పేరుతో జరుగుతున్నది

బెంగళూరులో అమ్మానాన్నలు ఒంటరిగా ఉండి, మీరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారా? అయితే "వాలంటీర్ సేవ" అంటూ డబ్బు తీసుకుని, దానికి విరాళం రసీదు ఇచ్చే సంస్థ జోలికి పోకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆ రసీదు బయటికి తీసి మళ్ళీ ఒకసారి చదవండి. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, పద్ధతి మాత్రం పూర్తిగా చెబుతాం.

ఆ సంస్థవాళ్ళు ఫోన్‌లో చెప్పింది ఇది: "మావాళ్ళంతా వాలంటీర్లే, సేవ ఉచితం, సభ్యత్వం మాత్రం 15,000." వారానికి మూడు రోజులు ఉదయం 9 నుంచి ఒంటి గంట దాకా మనిషి ఉంటారని, మందులు వేస్తారని, ఆసుపత్రికి తోడు వెళ్తారని వాట్సాప్‌లో హామీ. డబ్బు మాత్రం సంస్థ ఖాతాకు కాదు, కోఆర్డినేటర్ సొంత నంబరుకు యూపీఐ చేయమన్నారు. తర్వాత వచ్చిన రసీదులో "స్వచ్ఛంద విరాళం, తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. వచ్చినప్పుడల్లా రానూపోనూ ఛార్జీ 600 వేరు. రెండో వారం మనిషి మారారు, మూడో వారం ఎవరూ రాలేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే "మీరు విరాళం ఇచ్చారు, మేం మీకు ఏమీ అమ్మలేదు" అన్నారు.

ఆ జవాబు ఏదో నోటికొచ్చినట్టు అన్నది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉచితంగా చేసే పని "సేవ" నిర్వచనంలోకి రాదు. రసీదు మీద "విరాళం" అని ఉంటే వినియోగదారుల కమిషన్ ముందు వాళ్ళు పట్టుకునేది ఆ మాటనే. అంతమాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. ఇన్ని రోజులకు ఇంత అని వాళ్ళు పంపిన మెసేజులు, యూపీఐ వివరాలు, మనిషి వచ్చిన తేదీలు చేతిలో ఉంటే అది ఫీజేనని వాదించవచ్చు. కాబట్టి ఆ మెసేజులు చెరిపేయకండి, ఫోన్ మారిస్తే బ్యాకప్ తీసుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. దారికి రాకపోతే రెండేళ్ళ లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.

నిజమైన వాలంటీర్లు చేసే పని వేరు. వచ్చి కూర్చుని కబుర్లు చెబుతారు, కరెంటు బిల్లు కట్టిపెడతారు, మందుల షాపుకు వెళ్ళొస్తారు, బ్యాంకుకు తోడు వెళ్తారు. స్నానం చేయించడం, మంచం మీంచి లేపడం, ఇంజెక్షన్ ఇవ్వడం వాళ్ళ పని కాదు. అవి కావాలంటే జీతమిచ్చి శిక్షణ ఉన్న అటెండర్‌ను, ఇంజెక్షన్లకు నర్సును పెట్టుకోవాలి. ఈ రెండూ కలిపి "వాలంటీరే అన్నీ చూసుకుంటారు" అన్నారంటే అక్కడే ఆగిపోండి.

ఇన్సులిన్ దగ్గర తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. మిల్లీలీటరుకు 100 యూనిట్లదీ దొరుకుతుంది, ఆ సిరంజికి నారింజ మూత. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. పెద్దావిడ పడిపోవడానికి అంతే చాలు. 40 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజి వాడితే 20 కావలసినచోట 8 మాత్రమే పడి షుగర్ పైపైకి పోతుంది. వచ్చిన మనిషి చేతికి సీసా, సిరంజి ఇచ్చి "ఈ రెండూ జతేనా?" అని అడగండి. సీసా మీద అంకె చూడకుండా "జతే" అన్నవాళ్ళకు ఆ పని అప్పగించకండి.

పక్షవాతం వచ్చినవాళ్ళుంటే మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చి చూపించమనండి. తెలిసినవాళ్ళు కుర్చీని బలం ఉన్న వైపు పెట్టి, రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు పైకి మడిచి, నడుము దగ్గర పట్టుకుని లేపుతారు. తెలియనివాళ్ళు చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతారు, లేదా పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు. ఆ లాగుడుకి భుజం కీలు జారవచ్చు.

హాజరు పుస్తకాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. అపార్ట్‌మెంట్ అయితే గేటు యాప్‌లో మనిషి వచ్చిన వేళ, వెళ్ళిన వేళ ఉంటాయి. పుస్తకంలో 9 నుంచి 1, గేటు దగ్గర 9.40 నుంచి 11.10 అని ఉంటే ఆ రోజే ఫొటో తీసి పంపి సంజాయిషీ అడగండి. నెలాఖరుకు వదిలేస్తే ఎవరికీ గుర్తుండదు.

స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో సంస్థ పేరు కనిపించినంత మాత్రాన పని బాగుంటుందని కాదు, నమోదు అయిందని మాత్రమే. మనిషి ఆధార్ కాపీ తీసుకుని, కర్ణాటక ప్రభుత్వ సేవా సింధు పోర్టల్‌లో పోలీస్ వెరిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టించండి. అమ్మానాన్నల ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి, వేలిముద్రతో డబ్బు తీసే దారి మూసుకుపోతుంది. ఏటీఎం కార్డు, ఓటీపీ ఎవరికీ ఇవ్వనివ్వకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే ఆ మనిషిని మళ్ళీ ఇంట్లోకి రానివ్వకండి.

పెద్దవాళ్ళను బెదిరిస్తున్నా పట్టించుకోకుండా వదిలేస్తున్నా బెంగళూరు నగర పోలీసులు, నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ కలిసి 2002లో మొదలుపెట్టిన పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 1090 ఉంది, దేశమంతటికీ 14567 ఉంది. ప్రమాదమైతే 112.

మరొకటి, మనవాళ్ళ ఇళ్ళకు మరీ ముఖ్యం. చాలామంది పెద్దవాళ్ళకు తెలుగు తప్ప రాదు, వచ్చే మనిషికి కన్నడమో హిందీయో. ఛాతీలో నొప్పి అని చెప్పినా అర్థం కాక నీళ్ళిచ్చి పడుకోబెడతారు. ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. కన్నడ మాటలు తెలుగు లిపిలోనే, పక్కన బొమ్మతో: గుండెల్లో నొప్పికి "ఎదె నోవు", కళ్ళు తిరిగితే "తలె సుత్తుత్తిదె", కింద మీ నంబరు, పక్కింటివాళ్ళ నంబరు. హిందీ మాటలు ఇంకో కాగితం మీద రాయండి. రోజుకొకసారి ఆ మాటలు గట్టిగా చదివించండి, అవసరం పడ్డప్పుడు నోటికి రావాలి.