కస్టమ్ మౌంటెన్ స్లెడ్ కట్టించుకునేవాళ్లకు హెచ్చరిక: పార్టుల బిల్లు చూసి డబ్బు కట్టేయకండి

అమెరికా పశ్చిమ కొండల్లోనో, బ్రిటిష్ కొలంబియాలోనో బ్యాక్‌కంట్రీ రైడింగ్‌కు, జంపింగ్‌కు కస్టమ్ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి, స్లెడ్ అన్నా అదే) కట్టించుకునే ఆలోచన ఉంటే, అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. కొత్త ఫ్యాక్టరీ బండి ధర చూసి వెనక్కి తగ్గి, నాలుగైదేళ్ల పాత స్లెడ్ కొని షాపుకిచ్చి మార్పులు చేయించుకుందామనుకునేవాళ్లకు ఇది మరీ అవసరం. సియాటిల్, బోయిసీ, సాల్ట్‌లేక్ సిటీ చుట్టుపక్కల ఉంటూ ఈ సరదాలోకి కొత్తగా దిగుతున్న మనవాళ్లు తప్పకుండా చూడండి.

ఒక షాపు కట్టిచ్చిన బండి ఒక్క సీజన్ కూడా నిలవలేదు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. మొదట కూలెంట్ కారింది, ఆ తర్వాత ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేసింది. బండిని పూర్తిగా విప్పి చూశాం. బిల్లులో రాసిన పార్టులన్నీ బండిలో ఉన్నాయి, అన్నీ అసలువే. క్రోమోలీ (గట్టి ఉక్కు) ఎ-ఆర్మ్‌లు, అంటే ముందు స్కీలను బండికి కలిపే చేతులు, మూడంగుళాల ప్యాడిల్ ట్రాక్, అంటే మంచును తోసే రెక్కలున్న రబ్బరు పట్టా, ఖరీదైన ఎయిర్ షాకులు, కార్బన్ ఫైబర్ హుడ్, లిథియం బ్యాటరీ. మోసం పార్టుల్లో లేదు, బిగించిన తీరులో ఉంది. పైన పటారం, లోన లొటారం. షాపువాళ్లు చూపించే ఫొటోల్లో, బిల్లులో ఈ లోపాల్లో ఒక్కటీ కనిపించదు. అందుకే ఒక్కొక్కటీ విడిగా రాస్తున్నాం.

టన్నెల్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే బండి బతుకంతా దాని మీదే ఉంటుంది. సీటు, పెట్రోలు ట్యాంకు, వెనక సస్పెన్షన్, కూలెంట్‌ను చల్లబరిచే కూలర్లు అన్నీ ఈ అల్యూమినియం రేకు పెట్టెకే బిగిసి ఉంటాయి. ఈ బండిలో 154 అంగుళాల ట్రాక్ తీసి 174 అంగుళాలది వేశారు. చుట్టుకొలత 20 అంగుళాలు పెరిగితే నేల మీద పొడవు దాదాపు 10 అంగుళాలు పెరుగుతుంది, అందుకని టన్నెల్ వెనక రేకు ముక్క అతికి పొడిగించారు. ఇది అందరూ చేసే పనే, సరిగ్గా చేస్తే తప్పేం లేదు. ఇక్కడ మాత్రం అతుకంతా మామూలు మెత్తటి అల్యూమినియం పాప్ రివెట్లతో వేశారు, లోపలివైపు దన్నుగా రెండో రేకు లేదు, కొన్ని రివెట్లు రేకు అంచుకు మరీ దగ్గరగా కొట్టారు. రివెట్ వ్యాసానికి కనీసం రెండింతల దూరం అంచు నుంచి వదలాలి, రివెట్‌కూ రివెట్‌కూ మధ్య కనీసం మూడింతలు ఉండాలి. 3/16 అంగుళం రివెట్ అయితే అంచు నుంచి 3/8 అంగుళం, ఒకదానికొకటి 9/16 అంగుళం అన్నమాట. ఇంతకంటే దగ్గరైతే జంప్ చేసి దిగినప్పుడు రంధ్రం అంచు దాకా చిరిగిపోతుంది.

వదులైన రివెట్‌ను కంటితోనే పట్టుకోవచ్చు. తల చుట్టూ బూడిదరంగు, నలుపు కలిసిన మరక ఒకవైపుకు తోక లాగినట్టు పాకి ఉంటుంది. రివెట్ కదిలినప్పుడల్లా అల్యూమినియం అరిగి పొడి రాలుతుంది, నీళ్లు తగిలి అది పేస్టులా మారుతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే వేలికి నల్లగా అంటుతుంది. షాపువాళ్లు ఇచ్చేముందు బండి కడిగేస్తారు కాబట్టి ఫుట్‌రెస్టుల కింద, టన్నెల్ లోపల, వెనక బంపరు దగ్గర టార్చి వేసి చూడండి. అలాంటి మరక ఒక్కచోట కనిపించినా ఆ వరుస మొత్తాన్ని అనుమానించాల్సిందే.

కూలెంట్ కారడానికి అసలు కారణం ట్రాక్ డ్రైవర్లు, అంటే ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రాలు. పాత ట్రాక్ 2.86 అంగుళాల పిచ్ (ట్రాక్ మీద వరుసకూ వరుసకూ మధ్య దూరం), కొత్తది 3.0 పిచ్. పిచ్ మారితే డ్రైవర్లు మార్చక తప్పదు, మార్చారు కూడా. కానీ పాతవాటిలాగే ఎనిమిది పళ్లవే వేశారు. ఎనిమిది పళ్లు, 2.86 పిచ్ అంటే చుట్టుకొలత 22.88 అంగుళాలు, 3.0 పిచ్ అయితే 24. దాంతో డ్రైవర్ వ్యాసార్థం 0.18 అంగుళం పెరిగింది. ప్యాడిల్ ఎత్తు రెండున్నర నుంచి మూడంగుళాలకు పెరగడంతో మరో అర అంగుళం పోయింది. ముందు కూలర్‌కూ ప్యాడిల్ కొసకూ మధ్య ఉన్న ఖాళీలో మొత్తం 0.68 అంగుళం తినేశారు. స్టాండు మీద చేత్తో తిప్పితే తగలదు. కొండ ఎక్కేటప్పుడు వేగం పెరిగి ట్రాక్ ఉబ్బుతుంది చూడండి, అప్పుడు ప్యాడిల్ కొసలు కూలర్‌ను గీరుతాయి. అలా గీరీ గీరీ చివరికి రంధ్రం పడింది. ఏడు పళ్ల డ్రైవర్ వేసి ఉంటే చుట్టుకొలత 21 అంగుళాలకు తగ్గి ఆ ఖాళీ చాలావరకు మిగిలేది. పాత డ్రైవర్‌తో పోలిస్తే ట్రాక్ వేగం ఎనిమిది శాతం తగ్గుతుంది, దాన్ని చైన్‌కేసులో (ఇంజన్ శక్తిని డ్రైవర్లకు అందించే గొలుసు పెట్టెలో) గేర్లు మార్చి సరిచేసుకోవచ్చు. కాబట్టి షాపువాళ్లను అడగాల్సింది ట్రాక్ పొడవు ఒక్కటే కాదు. పిచ్ ఎంత, డ్రైవర్‌కు పళ్లెన్ని, కూలర్ దగ్గర ఖాళీ ఎంత, గేర్లు ఏవి వేశారు, ఈ నాలుగూ బిల్లు మీద రాయించుకోండి.

వేడి సంగతి వచ్చింది కాబట్టి మరో మాట. బరువు తగ్గిస్తామని కొందరు వెనక కూలర్ తీసేస్తారు. మెత్తటి మంచులో పర్లేదు, ప్యాడిల్స్ ఎగజిమ్మే మంచే ఇంజన్‌ను చల్లబరుస్తుంది. కానీ పార్కింగ్ నుంచి కొండ దాకా గట్టిపడిన ట్రైల్ మీద మైళ్లకొద్దీ పోవాలి. అక్కడ ఐస్ స్క్రాచర్లు (గట్టి మంచును గీరి కూలర్ల మీదికి చిమ్మే కడ్డీలు) కూడా లేకపోతే కొండ చేరకముందే టెంపరేచర్ లైటు వెలుగుతుంది.

ఇక ముందు సస్పెన్షన్. ఇక్కడే చాలామంది మోసపోతారు. 4130 క్రోమోలీ ఎ-ఆర్మ్ అంటే గట్టిది, కాబట్టి మంచిదనుకుంటారు. దూకి వంకరగా దిగినా, మంచు కింద దాగిన మొద్దుకు తగిలినా ఫ్యాక్టరీ ఎ-ఆర్మ్ వంగుతుంది, కొత్తది వేసుకుంటే సరి. క్రోమోలీది అంత తేలిగ్గా వంగదు, ఆ దెబ్బంతా బల్క్‌హెడ్‌కు, అంటే ఎ-ఆర్మ్‌లు బిగిసి ఉండే చాసిస్ ముందుభాగానికి పోతుంది. బల్క్‌హెడ్ పగిలిందంటే బండిని సగం విప్పాలి. క్రోమోలీ వద్దని కాదు, వేస్తే బల్క్‌హెడ్‌కు కూడా దన్ను పట్టీలు వేయాలి. ఈ బండికి వేయలేదు. బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయాయి, కింది మౌంటు దగ్గర వెంట్రుకంత పగులు. దీన్ని పట్టుకోవాలంటే బండి ముందుభాగం పైకెత్తి, స్కీ కొసలు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. చప్పుడు బుషింగ్ దగ్గర వస్తోందా, బోల్టు దగ్గర వస్తోందా అని ఇంకొకరు మౌంటు మీద వేలు పెట్టి చూడాలి. బుషింగ్ అయితే చిన్న ఖర్చు. బోల్టు రంధ్రం అయితే ఆ బేరం వదిలేయండి.

షాకుల విషయంలో షాపువాళ్లు చెప్పని సంగతి చలి. గరాజులో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర షాకులో 150 పీఎస్ఐ గాలి పెట్టి ఇచ్చారనుకోండి. కొండ మీద మైనస్ 15కి చేరేసరికి అదే షాకులో దాదాపు 130 మాత్రమే ఉంటుంది. 20 పీఎస్ఐ తక్కువతో దూకితే షాకు అడుగంటుతుంది, ఆ గుద్దు నేరుగా టన్నెల్‌కు, మీ వెన్నుకు తగులుతుంది. బండి రాత్రంతా బయట ఉన్నాక, పొద్దున ఎక్కబోయేముందు షాక్ పంపుతో చూసుకోవాలి. షాపు నుంచి మీ బరువుకు, గేరు బ్యాగు బరువు కూడా కలిపి, సరిపడే సెట్టింగు కాగితం మీద తీసుకోండి. షాక్ రాడ్ మీద గీతలున్నా, సీలు దగ్గర నూనె తడి ఉన్నా రీబిల్డ్ చేయించనిదే దూకవద్దు.

క్లచింగ్, అంటే క్లచ్ వెయిట్ల అమరిక, ఎవరికి, ఎంత ఎత్తుకు చేశారన్నది పెద్ద ప్రశ్న. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు ఇంజన్ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. వ్యోమింగ్‌లో టోగ్వొటీ పాస్ 9,658 అడుగుల ఎత్తు, టర్బో లేని ఇంజన్ అక్కడ నాలుగో వంతుకు పైగా శక్తి పోగొట్టుకుంటుంది. పల్లపు ఊళ్లోని షాపు తమ దగ్గర టెస్టు చేసి బరువైన క్లచ్ వెయిట్లు వేసి పంపితే, పైన ఆర్‌పీఎం అందదు, బండి మూలుగుతుంది, బెల్టు కాలుతుంది. గట్టిగా ఒక కొండ ఎక్కించి, ఇంజన్ ఆపి, బెల్టు కవరు తీసి క్లచ్ రేకుల మీద చెయ్యి పెట్టండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే వెయిట్లో, అలైన్‌మెంటో, బెల్టు టెన్షనో తప్పుగా ఉన్నట్టే.

ఇంజన్ దగ్గర షాపు చేసిన పాపం ఇంకొకటి ఉంది. ఎగ్జాస్ట్ పైపు, క్యాన్ (సైలెన్సర్) మార్చి, గాలి ఎక్కువ లాగేలా హుడ్‌కు రంధ్రాలు వేసి, ఇంధనం మ్యాపు (ఎంత పెట్రోలు పంపాలో చెప్పే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగు) మాత్రం ముట్టుకోలేదు. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది, టూ-స్ట్రోక్ పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు ముందు కాలుతుంది. కంప్రెషన్ టెస్టు చేయించండి. ఇంజన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచాలి, రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. థ్రాటిల్ మూసి టెస్టు చేసి చూపిస్తే అంకె తక్కువ వస్తుంది, దాన్ని చూసి నిర్ణయాలకు రాకండి. కంప్రెషన్ బాగున్నా క్రాంక్ సీళ్లు పోయి ఉండొచ్చు. క్రాంక్‌కేసును ఆరేడు పీఎస్ఐ దగ్గర ప్రెషర్ టెస్టు చేసి ఐదు నిమిషాలు నిలుస్తోందేమో చూస్తే అదీ తేలుతుంది. పాత బండైతే మీటరు మీద ఉన్న మైళ్లను నమ్మవద్దు, మీటరు మార్చేయవచ్చు. ఇంజన్ నడిచిన గంటలు ఈసీఎంలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఉంటాయి, స్కీ-డూ బ్రాండ్ అయితే బడ్స్, పోలారిస్ అయితే డిజిటల్ రెంచ్ అనే సాఫ్ట్‌వేర్‌తో డీలరు చదివి చెప్తాడు.

టర్బో కిట్ వేయిస్తామని ఆశపెడితే మా సూటి అభిప్రాయం: దూకడానికి కట్టే బండికి వద్దు. 2020 మోడల్ నుంచి స్కీ-డూ, 2022 నుంచి పోలారిస్ ఫ్యాక్టరీ టర్బోలు ఇస్తున్నాయి, స్కీ-డూ మొదటి టర్బో 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ నిలిపేలా వచ్చింది. టర్బో కావాలంటే అలాంటి వాడిన బండే వెతుక్కోండి.

అన్నిటికంటే కోపం తెప్పించింది వైరింగు. టెదర్ (రైడర్‌కు కట్టుకునే తాడు, ఊడితే ఇంజన్ ఆగిపోవాలి) స్విచ్ వైర్లు రెండూ కలిపి టేపు చుట్టేశారు, థ్రాటిల్ సేఫ్టీ స్విచ్‌కు కూడా జంపర్ పెట్టారు, అంటే వైరు కలిపి అది పనిచేయకుండా చేశారు. మంచు తడికి ఆ స్విచ్‌లు అప్పుడప్పుడూ మొరాయిస్తాయి, బాగుచేయడం కంటే తీసేయడం తేలిక. కానీ కేబుల్ గడ్డకట్టి థ్రాటిల్ తెరుచుకుని ఉండిపోతే ఇంజన్‌ను ఆపేది ఆ స్విచ్చే. మనిషి గాల్లో బండి వదిలేసినప్పుడు ఆపేది ఆ టెదరే. బండి తీసుకునేటప్పుడు ఇంజన్ నడుస్తుండగా టెదర్ లాగి చూడండి. ఆ క్షణంలోనే ఆగాలి.

కాగితాలు. చాసిస్ నంబరు సాధారణంగా టన్నెల్ కుడిపక్కన కొట్టి ఉంటుంది. టన్నెల్ మొత్తం మార్చేస్తే ఆ నంబరు పాత టన్నెల్‌తోపాటు తుక్కులోకి పోతుంది, కొత్త టన్నెల్ మీద ఏ నంబరూ ఉండదు, లేదా ఇంకో బండి నంబరు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడు, అమ్ముకునేటప్పుడు, దొంగబండి కాదని చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు చిక్కులే. బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వ భూముల్లో తిప్పాలంటే 2015 నవంబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. టన్నెల్ మార్చే మాట వస్తే, పాత నంబరు సంగతి ఏం చేస్తారో పని మొదలవ్వకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బు విడతలుగా ఇవ్వండి. పార్టులకు బిల్లు మీ పేరు మీద తెప్పించుకుని ఆ మేరకే మొదటి విడత కట్టండి. టన్నెల్, బల్క్‌హెడ్ పని అయ్యాక, ప్లాస్టిక్కులూ సీటూ బిగించకముందు, మీరు స్వయంగా వెళ్లి ఉత్త చాసిస్ చూసి రెండో విడత ఇవ్వండి. అప్పుడు చూడనివ్వని షాపుకు అసలు పని ఇవ్వకండి. మిగిలిన ఇరవై శాతం మాత్రం, కొండ మీద ఒకరోజు నడిపి, వెనక్కి తెచ్చి బోల్టులన్నీ మళ్లీ టార్క్ చేయించాకే.

ఇప్పటికే ఇలాంటి బండి తెచ్చేసుకున్నవాళ్లు ఈ వారం జంపులు ఆపండి. ముందు టెదర్ చూడండి. తర్వాత వెనక స్కిడ్ (ట్రాక్ లోపలుండే వెనక సస్పెన్షన్) దించి ముందు కూలర్ మీద గీతలున్నాయేమో, టన్నెల్ లోపలి రివెట్లకు మరకలున్నాయేమో, సస్పెన్షన్ రెయిల్స్ (స్కిడ్‌కు రెండు పక్కలా ఉండే పొడవాటి పట్టీలు) ముందు ఆర్మ్ మౌంటు దగ్గర వంగాయేమో చూడండి. కూలర్ మీద గీత వేలి గోరుకు తగిలేంత లోతుగా ఉంటే డ్రైవర్లు మార్చేదాకా బండి ఎక్కకండి. బల్క్‌హెడ్‌లో పగులు కనిపిస్తే షాపువాడు పైన వెల్డింగ్ వేసిస్తానంటాడు, ఒప్పుకోకండి. వెల్డింగ్ వేడికి చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తబడి పగులు ఆ పక్కనే మళ్లీ పుడుతుంది. ఆ భాగం మొత్తం మార్పించి, ఆ ఖర్చు షాపునే భరించమనండి.