చిట్టి సాయం, నాలుగేళ్ల తర్వాత: ఎం.ఎస్. ఉన్నవాళ్లకు కుక్క ఎంతవరకు పనికొస్తుంది

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్నవాళ్లకు కుక్క సాయం నిజంగా పనికొస్తుందా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పనికొస్తుంది. చాలా పనికొస్తుంది. కానీ వీడియోల్లో చూసి మనం ఊహించుకునే పనులకు కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ. ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసేదాన్ని, ఇప్పుడు అదే పని ఇంటి నుంచి చేస్తున్నాను. ఈ జబ్బులో నరాల మీదుండే మైలిన్ పొరను మన రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తుంది. మెదడు పంపిన కబురు కాలికో చేతికో ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు. ఏ నరం ఎక్కడ దెబ్బతిన్నదనే దాన్నిబట్టి ఒక్కొక్కరి కష్టం ఒక్కో తీరుగా ఉంటుంది. నాకు ఎడమ పాదం పైకి లేవదు, నడిస్తే వేళ్లు నేలను రాసుకుంటాయి. కుడిచేతి వేళ్లకు స్పర్శ తగ్గింది. వీటన్నిటినీ మించింది అలసట. పొద్దున లేచేసరికే సగం ఓపిక అయిపోయి ఉంటుంది. చూసేవాళ్లకు అదేమీ కనబడదు.

చిట్టి లాబ్రడార్, ఆడకుక్క. రెండు నెలల పిల్లగా తెచ్చుకున్నాం. మొదటి ఏడాదంతా ఇంట్లో మెలగడం, తాడు గుంజకుండా నడవడం, పిలిస్తే రావడమే నేర్పించాం. హైదరాబాద్ నుంచి వచ్చే ట్రైనర్ ఇవి నేర్పాడు. నాకు కావలసిన పనులు మాత్రం మా ఆయనా నేనూ ఇంట్లోనే నేర్పుకున్నాం, చిక్కొచ్చినప్పుడు ట్రైనర్‌కు వీడియో కాల్ చేసేవాళ్లం. పని నమ్మకంగా చేయడానికి రెండేళ్లు పట్టింది. దీన్ని దాటేసే దారి లేదు. విదేశాల్లో ఇదే పనిగా కుక్కల్ని పెంచే సంస్థల్లో కూడా చాలావాటిని స్వభావం సరిపోక మధ్యలోనే పక్కన పెడతారు.

ఇక అసలు సంగతి. చిట్టి నాకు చేసే పనుల్లో అన్నిటికంటే విలువైంది కిందపడ్డ వస్తువు తీసివ్వడం. అంతేనా అంటారు చాలామంది. స్పర్శ సరిగా లేని చేతిలోంచి ఎన్ని వస్తువులు జారిపోతాయో లెక్కే ఉండదు. పెన్ను, ఫోన్, తాళాలు, చెంచా, దువ్వెన, కళ్లజోడు, తువ్వాలు. ఒక్కోదానికి నడుం వంచాలి, పడకుండా ఏదో ఒకటి పట్టుకోవాలి, మళ్లీ లేవాలి. లేవగానే కళ్లు తిరుగుతాయి, తొడ కండరాలు బిగుసుకుంటాయి. మధ్యాహ్నానికి ఇట్లా నాలుగైదుసార్లు వంగానంటే సాయంత్రం అన్నం కలుపుకునే ఓపిక కూడా ఉండదు. చిట్టి వచ్చాక సాయంత్రాలు నాకు మళ్లీ దక్కాయి. మిల్లు లెక్కలు ఏడింటి దాకా చూడగలుగుతున్నానంటే అది చిట్టి పుణ్యమే.

నేర్పేటప్పుడు బాగా సతాయించింది చెంచా. లోహం పంటికి తగలడం కుక్కలకు నచ్చదు. నోట్లో పెట్టుకుని వెంటనే వదిలేసేది. కాడకు పాత బనియన్ గుడ్డ మందంగా చుట్టాం. అది పట్టడం అలవాటయ్యాక ఒక్కో చుట్టు తీసేస్తూ పోయాం. చివరికి వట్టి స్టీలు కూడా పట్టింది, కానీ ఇప్పటికీ పెదవులు కొంచెం పైకి లేపి, ముందు పళ్లతో మాత్రమే పట్టుకుంటుంది. తాళాలకు తోలు పట్టీ కట్టాం, అక్కడే పట్టుకుంటుంది. ఏటీఎం కార్డు, నాణేలు నున్నటి టైల్స్ మీద పడితే మాత్రం నేరుగా ఎత్తలేకపోతుంది. కార్డును మూతితో గోడ దాకా నెట్టి, అంచు లేచాక పట్టుకుంటుంది. పావుగంట పట్టినా ఆ పని విడిచిపెట్టదు.

మా అత్తమ్మకు మొదట్లో ఇది అస్సలు గిట్టలేదు. "దాని నోట్లకెల్లి తీసిన చెంచతోని మళ్ల తింటవా బిడ్డా?" అనేది. ఆమె బాధ న్యాయమైందే. కడిగే వాడతామని, పూజగదికీ వంటింటికీ చిట్టి రాదని మాట ఇచ్చాం, ఆ మాట తప్పలేదు. గడప దగ్గర ఆగమంటే ఆగుతుంది. ఇప్పుడు నా ఊతకర్ర చేతికి అందనంత దూరంలో ఉంటే అత్తమ్మే "చిట్టీ, అమ్మకు కట్టె ఇచ్చిరాపో" అంటుంది.

రెండో పెద్ద ఉపయోగం బెల్లు. వైర్ లేని కాలింగ్ బెల్లు ఒకటి కొని, దాని బటన్‌ను హాల్లో చిట్టి మూతికి అందే ఎత్తులో బిగించాం. మోగేది వెనుక అత్తమ్మ ఉండే అర్రలో. "బెల్లు కొట్టు" అంటే పరుగెత్తి మూతితో నొక్కుతుంది. పోయిన వానాకాలం బట్టలు ఉతికే బండల మీద జారి పడ్డాను. ఫోన్ లోపల ఉంది, వాన చప్పుడుకు నా అరుపు ఎవరికీ వినపడలేదు. చిట్టి వచ్చి నా మొహం వాసన చూసింది. బెల్లు కొట్టమన్నాను. లోపలికి పోయింది. అత్తమ్మ గొడుగు కూడా లేకుండా తడుస్తూ వచ్చింది. నేర్పడానికి పట్టిన నెలలన్నీ ఆ ఒక్క పూటకే సరిపోయాయి అనుకుంటాను. స్విచ్చులు వేయడం మాత్రం నేర్పలేదు. మన ఇళ్లలో స్విచ్ బోర్డులు ఎత్తులో ఉంటాయి, ఊరికే ఎగిరితే దాని కీళ్లు అరుగుతాయి.

మేజోళ్లు లాగడం, ఫ్రిజ్ తలుపుకు కట్టిన తువ్వాలు పట్టి గుంజడం కూడా చేస్తుంది. బాగానే చేస్తుంది, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: కుక్క మీద ఆనుకుని లేవొచ్చా, పట్టుకుని నడవొచ్చా? నా జవాబు వద్దనే. చిట్టి ఇరవై ఎనిమిది కిలోలు, నేను అరవై కిలోలు దాటాను. మనిషి బరువు ఆపే పని చేయాలంటే కుక్క ఎత్తూ బరువూ చాలా ఉండాలి, దాని ఒంటికి కొలిచి కుట్టిన గట్టి పట్టీ ఉండాలి, ఎముకలు పూర్తిగా ఎదిగాయని, తుంటి కీళ్లు బాగున్నాయని ఎక్స్‌రేలో తేలాలి. పెద్దజాతి కుక్కలకు ఎముకలు ఎదగడం ఏడాదిన్నర దాకా సాగుతుంది. లాబ్రడార్లలో తుంటి కీలు వదులుగా ఉండే జబ్బు కూడా ఎక్కువ. మా పశువుల డాక్టరు గారు ఒకే మాట చెప్పారు: "బరువు కర్ర మీద వెయ్యమ్మా, కుక్క మీద కాదు." చిట్టి ఆ మాట వల్లే ఈరోజుకీ కుంటకుండా నడుస్తోంది. తాడు నడుముకు కట్టుకోవడం కూడా వద్దు. మా వీధిలో ఊరకుక్కలున్నాయి, కోతుల గుంపులొస్తాయి. ఎంత నేర్పిన కుక్కయినా ఒక్కసారి ఉలిక్కిపడి గుంజిందంటే తూలి పడేది మనమే.

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, ఇది మాత్రం ప్రతి ఒక్కరూ చదవాలి. మన మందులు కుక్కకు విషం. కండరాలు బిగుసుకోకుండా వేసుకునే బాక్లోఫెన్ చిన్న మోతాదులో కూడా కుక్కలకు ప్రమాదం. ఊపిరి ఆడకపోవచ్చు, మూర్ఛలు రావచ్చు. నడక మెరుగుపడడానికి కొందరికి రాసే ఫాంప్రిడిన్ కూడా అంతే. మనలో చాలామంది వారానికొకటి మింగే అరవై వేల యూనిట్ల విటమిన్ డి మాత్రల పట్టీని కుక్క నమిలితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు పాడవుతాయి. ఇప్పుడు ఆలోచించండి. స్పర్శ లేని వేళ్లతో మాత్ర విప్పేది మనం. జారి కింద పడుతుంది. పక్కనే కూర్చున్నది, కిందపడ్డ ప్రతిదాన్నీ నోటితో ఎత్తమని మనమే నేర్పిన కుక్క.

అందుకని చిట్టికి తనంతట తాను ఏదీ ఎత్తడం నేర్పలేదు. కొన్ని చోట్ల పడగానే తెచ్చిచ్చేట్టు నేర్పుతారు, అది మన ఇంటికి సరిపడదని నా గట్టి అభిప్రాయం. నేను వేలితో చూపించి "తే" అంటేనే ఎత్తాలి. "వద్దు" అంటే నోటి దగ్గర ఏమున్నా వెనక్కి జరగాలి. ఉడికించిన చికెన్ ముక్క నేల మీద వేసి "వద్దు" అనడం, ఆగితే చేతిలోంచి ఇంకా పెద్ద ముక్క పెట్టడం, ఇదే సాధన, ఇప్పటికీ వారం వారం చేయిస్తాం. ఇంత చేసినా మందులు విప్పేది తలుపు వేసుకున్న అర్రలో, అంచులున్న పెద్ద స్టీలు పళ్లెంలోనే. ఆ సమయంలో చిట్టి వాకిట్లో ఉంటుంది.

మా నల్లగొండ జిల్లా ఎండ గురించి వేరే చెప్పాలా? ఒంటి వేడి కొంచెం పెరిగినా ఎం.ఎస్. లక్షణాలు ముదురుతాయి, చూపు మసకబారుతుంది, కాళ్లు కదలవు. ఒంటికి శ్రమ కలిగాక చూపు మసకబారడాన్ని ఊథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే గుర్తించి రాశాడు. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో నేను తొమ్మిది దాటితే గడప దాటను. చిట్టిదీ అదే పరిస్థితి. దట్టమైన బొచ్చు, నాలుక చాచి రొప్పడం తప్ప వేడి దించుకునే దారి పెద్దగా లేదు. కాబట్టి వేసవి మూడు నెలలు బయటి పనులకు కుక్క సాయం ఉండదనే లెక్కేసుకోండి. తెల్లవారుజామున మా ఆయన నడిపించుకొస్తారు. రోడ్డు మీద చేతి వెనుకభాగం పెట్టి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలతాయి, ఆ పూట నడక లేదు. పగలంతా ఒకే కూలర్ ముందు ఇద్దరం ఉంటాం.

ఖర్చు: తిండి, మందులు, టీకాలు కలిపి మాకు నెలకు నాలుగైదు వేలవుతుంది. ట్రైనర్‌కు ఇచ్చింది, పిల్లను కొన్నది వేరే. గోమార్ల మందు నెలనెలా తప్పనిసరి, మన దగ్గర టిక్ ఫీవర్‌తో కుక్కలు పోవడం మామూలే. నాకు ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కించే మందు వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అందుకే చిట్టి మలం ఎత్తడం, గోమార్లు తీయడం నేను ముట్టను. రేబిస్ టీకా ఏడాదికోసారి తేదీ తప్పకుండా వేయిస్తాం.

బయటికి తీసుకెళ్లడం గురించి ఆశలు పెట్టుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, సర్టిఫికెట్ వస్తుంది, తప్పకుండా తీసుకోండి. కానీ అమెరికాలో ఉన్నట్టు హోటల్లోకీ దుకాణంలోకీ సాయం చేసే కుక్కను తీసుకెళ్లే హక్కు మనకు విడిగా రాసి లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే 'సర్వీస్ డాగ్' జాకెట్లకు, ఐడీ కార్డులకు ఇక్కడ ఏ విలువా లేదు, డబ్బులు దండగ. మందు ఎక్కించుకోవడానికి హైదరాబాద్ పోయిన రోజు చిట్టి ఇంట్లోనే ఉంటుంది. తెలిసిన కిరాణా కొట్టు ఆయన, మిల్లు వాళ్లు లోపలికి రానిస్తారు. అది వాళ్ల మంచితనం.

అసలు తేల్చుకోవలసింది ఇంట్లో మీరు కాక ఇంకో మనిషి ఉన్నారా లేదా అన్నది. జబ్బు ఒక్కసారిగా తిరగబడి నేను స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మీద మంచాన ఉన్న రోజుల్లో కూడా చిట్టికి రెండు పూటలా నడక కావాలి, తిండి కావాలి, నేర్చుకున్నది మరవకుండా సాధన కావాలి. మా ఆయన, అత్తమ్మ లేకపోతే ఆ వారాల్లో చిట్టి నాకు సాయం కాదు, ఇంకో భారం. పైగా కుక్క జబ్బును ఆపదు, మందులు మానేసే వీలూ ఇవ్వదు. లాబ్రడార్ బతికేది పది పన్నెండేళ్లు, అందులో పనిచేసేది కొన్నేళ్లే. ఇంకో రెండేళ్లలో మేం మరో పిల్లను తెచ్చి మళ్లీ మొదలుపెట్టాలి, దానికి ఇప్పటినుంచే డబ్బు పక్కన పెడుతున్నాం.

మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా హైదరాబాద్ శాఖ ద్వారా పరిచయమైన ఒక చెల్లెలు మహబూబ్‌నగర్‌లో ఒక్కతే అద్దె గదిలో ఉంటోంది, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కుక్కను తెచ్చుకోనా అక్కా అని అడిగింది. ఇప్పుడు వద్దమ్మా అన్నాను. చివర చిమ్టా ఉండి, పిడి నొక్కితే మూసుకునే పొడవాటి కర్ర ఒకటి వస్తుంది, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ముందు అది కొనుక్కోమని చెప్పాను. మా ఇంట్లోనూ ఒకటుంది. గాజు ముక్కలు, సూదులు, మాత్రలు నేను దానితోనే తీస్తాను.