ఆన్సిబులా, పప్పెటా? రన్ చేసినప్పుడు అందని సర్వరే తేలుస్తుంది

సర్వర్ల సెట్టింగ్‌లను ఒకచోట రాసి అన్నింటికీ వర్తింపజేసే టూల్స్ ఆన్సిబుల్, పప్పెట్. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది సర్వర్లు పెరిగే కొద్దీ మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న. మొదలుపెట్టడం తేలికని చాలామంది ఆన్సిబుల్ వైపు మొగ్గుతారు. అవతలి మెషిన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), పైథాన్ ఉంటే చాలు, ఆ రోజే పని మొదలవుతుంది. పప్పెట్‌కైతే వేరే సర్వర్ నిలబెట్టాలి, అది జావా మీద నడుస్తుంది కాబట్టి హీప్‌కే (జావా వాడుకునే మెమరీకే) 2 జీబీ కేటాయించాలి, 8140 పోర్టు తెరవాలి, ప్రతి మెషిన్ సర్టిఫికెట్‌నూ ఆమోదించాలి. అయినా ఈ శ్రమలో ఎక్కువ భాగం మొదట్లోనే. నా లెక్కలో ఎంపికను తేల్చేది వేరే: మీరు రన్ చేసిన సమయానికి ఆగిపోయి ఉన్న సర్వర్ గతేంటి?

ఆన్సిబుల్‌లో అది చివరి లెక్కల్లో 'అన్‌రీచబుల్=1' అని కనిపిస్తుంది, అంతే. ఎవరూ గమనించకపోతే మళ్లీ రన్ చేసేదాకా పాత సెట్టింగ్‌తోనే ఉంటుంది. పప్పెట్‌లో ప్రతి మెషిన్ మీదా నడిచే ఏజెంట్ డిఫాల్ట్‌గా 30 నిమిషాలకోసారి తానే వచ్చి పప్పెట్ సర్వర్‌ను అడుగుతుంది. ఆగిన మెషిన్ లేవగానే దారిలో పడుతుంది. ఎవరైనా చేత్తో మార్చిన ఫైల్‌ కూడా, పప్పెట్ చూసుకునేదైతే, తిరిగి సరైపోతుంది.

ఆన్సిబుల్ హ్యాండ్లర్ల (ఏదైనా మారిందని నోటిఫై వస్తేనే చివర్లో నడిచే టాస్క్‌ల) దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్) కాన్ఫిగ్ మారింది, రీస్టార్ట్ హ్యాండ్లర్‌కు నోటిఫై వెళ్లింది, ఈలోగా ఆ హోస్ట్‌లో తర్వాతి టాస్క్ ఫెయిలైంది. హ్యాండ్లర్ నడవదు. రెండోసారి రన్ చేస్తే ఫైల్ అప్పటికే కొత్తది కాబట్టి 'ఓకే' అంటుంది, నోటిఫై రాదు. డిస్క్ మీద కొత్త కాన్ఫిగ్, మెమరీలో పాతది! అందుకే కీలకమైన టాస్క్ వెంటనే 'మెటా: ఫ్లష్_హ్యాండ్లర్స్' పెట్టండి, లేదా '--ఫోర్స్-హ్యాండ్లర్స్'తో నడపండి. పప్పెట్‌లో ఒక రిసోర్స్ (ఫైల్, సర్వీస్ లాంటిది) ఫెయిలైతే దాని మీద ఆధారపడినవే ఆగుతాయి, మిగతావి సాగుతాయి.

పప్పెట్ ఏడిపించేది సర్టిఫికెట్ల దగ్గర. మెషిన్‌ను అదే పేరుతో రీఇన్‌స్టాల్ చేస్తే పాత సర్టిఫికెట్ అడ్డుపడుతుంది. సర్వర్‌లో 'పప్పెట్‌సర్వర్ సీఏ క్లీన్ --సర్ట్‌నేమ్' కొట్టి తీసేయాలి. గడియారం బాగా తప్పినా సర్టిఫికెట్ చెల్లదంటుంది, కాబట్టి ముందు ఎన్‌టీపీ (గడియారాన్ని సరిచేసే ఏర్పాటు) చూసుకోండి. ఏజెంట్లన్నీ ఒకేసారి సర్వర్ మీద పడకుండా 'స్ప్లే' (ఒక్కోదాన్ని కాస్త ఆలస్యం చేసే సెట్టింగ్) ఆన్ చేయండి. ఉచిత ప్యాకేజీలు కావాలంటే పప్పెట్ కోడ్ నుంచి కమ్యూనిటీ విడిగా నడిపే ఫోర్క్ ఓపెన్‌వాక్స్ ఉంది.

ఏళ్ల తరబడి నడిచే, నలుగురి చేతులు పడే సర్వర్లకు నా ఓటు పప్పెట్‌కే. వరుస ముఖ్యమైన పనికి మాత్రం ఆన్సిబుల్‌ను మించింది లేదు: లోడ్ బ్యాలెన్సర్ (ట్రాఫిక్‌ను మెషిన్లకు పంచేది) నుంచి రెండేసి మెషిన్లను తప్పించి, అప్‌గ్రేడ్ చేసి, మళ్లీ చేర్చాలంటే 'సీరియల్: 2' చాలు. ఏ మెషిన్‌కు ఆ మెషిన్ తన వేళకు వచ్చే పప్పెట్‌తో ఆ పని కుదరదు. రెండూ పక్కపక్కనే వాడొచ్చు, ఒకే ఫైల్‌ను రెండూ ముట్టుకోకుండా చూసుకుంటే చాలు.

ఇదే పని చేసే ఇతర టూల్స్‌లో సాల్ట్ వేగం బాగుంటుంది, 4505, 4506 పోర్టులు కావాలి. షెఫ్ రూబీ భాష వచ్చినవాళ్లకు.

ఆన్సిబుల్‌తోనే ఉండాలనుకుంటే రోజూ రాత్రి క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపేదానిలో) '--చెక్ --డిఫ్' (ఏదీ మార్చకుండా తేడాలు చూపే మోడ్) నడిపి, 'చేంజ్డ్', 'అన్‌రీచబుల్' సున్నా కాని హోస్ట్‌ల జాబితా మెయిల్‌కు వచ్చేలా పెట్టండి. చెక్ మోడ్‌లో షెల్, కమాండ్ టాస్క్‌లు మామూలుగా స్కిప్ అవుతాయి. వాటిలో కేవలం చదివేవాటికి 'చెక్_మోడ్: ఫాల్స్' ఇస్తేనే ఆ ఫలితం మీద ఆధారపడిన టాస్క్‌లు సరిగా తేలతాయి.