టెలి మానస్ 14416 కి ఫోన్ చేశా, నా అనుభవం

ఫ్రీ సర్వీసుకి రివ్యూ ఏంటి అనుకోకండి, మా చుట్టాల్లో చాలామందికి అసలు ఈ నంబర్ ఉందనే తెలీదు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్ ఇది, సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళు 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టారు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మా అన్నయ్య యాక్సిడెంట్‌లో పోయాడు. మా వదిన ఏడవలేదు. దినం అయిన మర్నాడు పొద్దున్నే అన్నయ్య ఆఫీసు చొక్కాలన్నీ బయటికి తీసి, కాలర్ల మీద నీళ్ళు చిలకరించి ఒక్కోటీ ఇస్త్రీ చేసి హ్యాంగర్లకి తగిలిస్తూ కూర్చుంది, వచ్చినవాళ్ళేమో "మొగుడు పోతే కంట తడి కూడా లేదు చూడు" అని గుసగుసలు. ఆ మాటలకి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా సంగతి ఇంకో రకం, ముద్ద దిగేది కాదు, అరచేతులు చల్లబడి చెమటలు, ఫోన్ మోగితే చాలు గుండె దడ.

ఓ రాత్రి నిద్ర పట్టక చేశా. ఎత్తినావిడ ముందు తిన్నారా, నిద్ర పడుతోందా, ఇంట్లో తోడెవరున్నారు అని అడిగారు, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా మొహమాటం లేకుండా అడిగారు, అలా అడగడమే మంచిదనిపించింది నాకు. మనసుకి పెద్ద దెబ్బ తగిలితే ఒళ్ళు దాన్ని ప్రమాదంలాగే తీసుకుంటుందట, అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువై గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు పోయి చేతులు చల్లబడతాయి, అరుగుదల మందగిస్తుంది. కొందరు ఏడుస్తారు, కొందరు అరుస్తారు, కొందరు మొద్దుబారిపోతారు, అంతమాత్రాన ప్రేమ లేదని కాదమ్మా అన్నారు. వదినని ఏడవమని బలవంతపెట్టొద్దు, చొక్కాలు ఇస్త్రీ చేసుకోనివ్వండి, మీరు పక్కన ఉండండి చాలు అన్నారు. ఇంట్లో అంతమందిమి ఉండి ఒక్కళ్ళం కూడా అనని మాట అది!

నాకు ఊపిరి మెల్లగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలమని చెప్పి ఫోన్లోనే చేయించారు, దడ కాస్త తగ్గింది. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం దిగులే అనుకుని ఊరుకోకుండా ఈసీజీ తీయించుకోమన్నారు. నిజమే, తీవ్రమైన దుఃఖంలో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బే ఉంది, టాకోట్సుబో అంటారు, నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఎక్కువ.

అంతకుముందు ఓ ప్రైవేట్ యాప్‌లో డబ్బు కట్టి మాట్లాడితే టైమ్ అయిపోయిందని సగంలో కట్ చేశారు. ఇక్కడ ఎవరూ తొందరపెట్టలేదు. నా రేటింగ్ 5కి 5.

మందులు అవసరమైతే దగ్గర్లో డాక్టర్ దగ్గరికి పంపుతారు. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం ముందు 108కి చెయ్యండి.