నార్దీని బియాంకా గ్రాప్పా: భోజనం తర్వాతి గుక్క

గ్రాప్పా అంటే ఇటలీ వాళ్ల సారా. వైన్ తీశాక మిగిలిన ద్రాక్ష తొక్కలు, గింజలే దీని ముడిసరుకు. ఆ పిప్పిని తాజాగా ఉండగానే బట్టీలో కాచాలి, ఆలస్యమైతే పులిసిన కంపు సారాలోకి దిగుతుంది. ఉత్తర ఇటలీ, వెనెతోలోని బస్సానో దెల్ గ్రాప్పాలో నార్దీని వాళ్లు 1779 నుంచి ఈ పనిలో ఉన్నారు. బియాంకా అంటే తెల్లది; ఇందులో ఆల్కహాల్ 50 శాతం, నీళ్లలా తేటగా ఉంటుంది.

బెంగళూరు బార్లో గడ్డకట్టేంత చల్లగా షాట్ గ్లాసులో పోస్తే వద్దనండి, సువాసన చచ్చిపోతుంది. 10–12 డిగ్రీల చల్లదనం, తులిప్ గ్లాసు, 30 మి.లీ. చాలు. పోసి రెండు నిమిషాలు ఆగండి. ముక్కు గ్లాసులో దూర్చకండి, ఘాటు తప్ప ఇంకేమీ తెలీదు.

జోడీకి డార్క్ చాక్లెట్, ముదిరిన పర్మేసాన్ చీజ్ భేష్. ఇటలీలో ఎస్ప్రెస్సోలో కలుపుతారు. మన పాలు లేని ఫిల్టర్ డికాక్షన్‌లో ఒక చెంచా వేసినా అద్భుతం! మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు, కారానికి ఈ ఘాటు తోడై నోరు భగ్గుమంటుంది.